ఇరవై ఏడో చుట్టు

నాకు కాలు ఒకచోట నిలవదు. మా ఆవిడ కనకం పన్నెండేళ్లుగా ఈ మాట అంటూనే ఉంది. అన్నం తింటూ మధ్యలో లేచి లేతు బెల్టు చూసొస్తాను. బస్సు కోసం నిలబడమంటే తరువాతి స్టాపు దాకా నడుస్తాను, ఆలోగా బస్సు నన్ను దాటిపోతుంది. ఇలాంటివాడు పెన్నులు చేయడమేమిటని మా పేట పీళమేట్లో అందరికీ నవ్వే.

నా పేరు దొరై. పగలు మిల్లు వర్క్‌షాపులో టర్నరుని, అక్కడ మేస్త్రీ అంటారు. ఇంటికొచ్చాక ముందుగదిలో కాలితో తొక్కే చిన్న లేతు మీద ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీల నుంచి పెన్నులు తీస్తాను. బజారు పెన్నులకు గొట్టం రెండువైపులా తెరిచి, వెనకవైపు ఒక బిరడా బిగిస్తారు. ఏడాది తిరక్కుండా అక్కడే సిరా కారుతుంది. నా పెన్నుకు ఆ అతుకు ఉండదు. నేను ఒకవైపు నుంచే తొలుస్తాను. రెండోవైపు కడ్డీ కడ్డీగానే ఉండి గుండ్రంగా మూసుకుపోతుంది. చెప్పడానికి తేలికే. డ్రిల్లు లోపల ఎక్కడిదాకా పోయిందో కంటికి కనబడి చావదు. ఒక్క నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఎక్కువ పోయిందంటే అడుగు పలచబడి కడ్డీ దండగ.

డ్రిల్లును లోపలికి తోసే చేతిచక్రం ఒక చుట్టు తిరిగితే ఒక నూలు. ఇరవయ్యారు చుట్లకు ఆపాలి. పదిహేను దాకా వచ్చేసరికి నా మనసు ఎక్కడో తిరుగుతూ ఉంటుంది. అందుకని కనకం గడప దగ్గర కూరగాయలు తరుగుతూ లెక్కపెడుతుంది. ఆమె తండ్రి ఒట్టన్‌చత్రం మండీలో ధాన్యం కొలిచేవాడు. అక్కడ పడి అనే కొలపాత్రతో కొలిచేటప్పుడు నోటితో లాభం అనే మొదలుపెడతారు. కనకం కూడా చక్రం కదలగానే లాభం అని రాగం తీస్తుంది. ఇరవయ్యారు అనగానే నేను ఆపుతాను. మధ్యలో ఆమె ఏమంటుందో ఒక్కరోజు చెవిపెట్టి విన్న పాపాన పోలేదు.

ఆరోగ్యసామి మా మిల్లులోనే, పత్తి దువ్వే కార్డింగ్‌లో పనిచేసేవాడు. ఇంట్లో మాట్లాడేది మాలాగే తెలుగే, చర్చి వెనక లైన్లో కాపురం. ఏడాది కిందట మెషిన్ పళ్ల చక్రాల్లో పడి అతని కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు పోయాయి. అలాంటి చేతికి మళ్లీ మెషిన్ ఇవ్వరు. అప్పటి నుంచీ పత్తి చెత్త ఊడుస్తున్నాడు. ఈమధ్య గేటు దగ్గర టైమ్‌కీపరు సీటు ఒకటి ఖాళీ అయింది. ఆరోగ్యసామికి చదువొచ్చు, ఒకప్పుడు దస్తూరి ముత్యాల్లా ఉండేది. పెద్ద టైమ్‌కీపరు రత్నసభాపతి ఒక్క మాట చెప్పాడట. సోమవారం ఎనిమిదింటికి తన ఎదుట రిజిస్టరులో ఒక పేజీ రాయాలి. మరక పడకుండా రాస్తే సీటు అతనిది. మరక పడితే చీపురే, అది కూడా ఎన్నాళ్లుంటుందో తెలియదు.

ఆ వారం అతను మా ఇంటికి వచ్చాడు. మిగిలిన వేళ్లకు బజారు పెన్ను సన్నమైపోతోంది, లావుది కావాలి. పైగా కుడిచేతికి పట్టు చాలదు కాబట్టి పెన్ను అడుగును బల్లకేసి నొక్కిపెట్టి ఎడమచేత్తో క్యాపు తిప్పుతాడు. అలా తిప్పితే అతుకుల పెన్ను వెనకాల వదులై సిరా కక్కుతోంది. అందుకని నా పెన్నే కావాలన్నాడు.

నా దగ్గర లావు కడ్డీ ఒక్కటే ఉంది, ఏడాది కిందట మద్రాసు నుంచి తెప్పించిన కట్టలో చివరిది. ఆ కట్ట సంగతి దాటేద్దామనుకున్నాను కానీ కుదరదు. అది పార్సిల్ ఆఫీసుకు వచ్చిన రోజు నేను కార్డింగ్ మెషిన్‌కు బుష్ మారుస్తున్నాను. పళ్ల చక్రాల మీద కప్పే ఇనుప గార్డు విప్పి గోడకు ఆనించాను. తిరిగి బిగించబోతే ఒక బోల్టు మర అరిగిపోయి ఉంది. కొత్తది తీయాలంటే అరగంట. అవతల పార్సిల్ ఆఫీసు మూసేస్తారు. రేపు పొద్దున వేస్తే సరిపోతుందిలే అని సైకిలెక్కాను. రెండో షిఫ్టులో ఆరోగ్యసామి వేళ్లు పోయాయి. తెల్లవారి, ఎవరూ రాకముందే నేను వెళ్లి గార్డు బిగించేశాను. విచారణకు వచ్చినవాళ్లు పనివాడి అజాగ్రత్త అని రాసుకుపోయారు. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ నోరు విప్పలేదు. అప్పటి నుంచి కాలు మరీ నిలవడం లేదు. అతను ఎదురుపడితే సైకిలు పక్క వీధిలోకి తిప్పేసేవాణ్ణి.

శనివారం కనకం ఇంట్లో లేదు. చెల్లెలు పాప్పాత్తి ప్రసవానికని ఒట్టన్‌చత్రం వెళ్లింది. నేనే లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. ఈ ఒక్క కడ్డీకైనా మనసు చెదరకూడదని పళ్లు బిగబట్టి, ఒక్కో మాటకు ఒక్కో చుట్టు చొప్పున తిప్పాను. కనకం లాగే ముందు లాభం అన్నాను. తరువాత ఒకటి, రెండు, మూడు అంటూ ఇరవయ్యారు దగ్గర ఆపాను. ఒక్క అంకె తప్పలేదు. నా మీద నాకే ముచ్చటేసింది.

అడుగు గుండ్రం తీసి మెరుగుపెట్టాక, అలవాటు కొద్దీ గోటితో కొట్టి చూశాను. ఎప్పుడూ వినబడే గట్టి చప్పుడు కాదు, కొంచెం డొల్లగా ఉంది. లావు కడ్డీ గదా, చప్పుడూ వేరేగా ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. సాయంత్రం ఆరోగ్యసామి వచ్చి మా గడప మీదే కూర్చుని తన పేరు పదిసార్లు రాసుకున్నాడు. తన చెయ్యి తనకు తిరిగి దొరికినట్టుందన్నాడు. నేను తుక్కు ఊడుస్తున్నట్టు తల వంచుకున్నాను.

ఆదివారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. సింగానల్లూరు దాకా ఊరికే వెళ్లి ఊరికే వచ్చాను. ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా లెక్క సరిగ్గానే ఉంది. చెవిలో మాత్రం ఆ డొల్ల చప్పుడే.

సోమవారం తెల్లవారి బస్సులో కనకం దిగింది. ఆమె సంచీ ఇంకా కింద పెట్టకముందే నేను ఒంటరిగా లెక్కపెట్టిన ఘనకార్యం మొదలుపెట్టాను. లాభం నుంచి ఇరవయ్యారు దాకా ఎలా అన్నానో రాగంతో సహా అప్పజెప్పాను. ఆమె సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"లాభం జెప్పి, మళ్లా ఒగటి అంటిరా?"

"అంటిని. అయితే ఏమి?"

"లాభమే గదా ఒగటి. మా నాయన మొదటి పడికి ఒగటి అనడు, లాభమంటాడు. దాని తర్వాత రెండు."

ఇరవై ఏడు చుట్లు తిప్పాను. ఒక నూలు ఎక్కువ పోయింది. గుండ్రం తీయగా అడుగున మిగిలింది గోరు మందం ఉందో లేదో. అతను ఆ అడుగునే రత్నసభాపతి బల్లకేసి నొక్కబోతున్నాడు. ఒక్క నొక్కుకు పగిలి సిరా అంతా రిజిస్టరు మీద పోతుంది. ఏడాదిలో ఆ మనిషి చేతికి నా చేతులారా కీడు చేయడం ఇది రెండోసారి. ఇంకో కడ్డీ కూడా లేదు. నాకు కూర్చోవాలో పరిగెత్తాలో తెలియలేదు.

కనకానికి తెలిసింది. "లోపలినుంచి బిళ్ల వెయ్యండి, లక్కతో. సీక్రం," అంది. తుక్కు ముక్క ఒకటి లేతుకు ఎక్కించి ఐదు నిమిషాల్లో బిళ్ల తీశాను. లక్క కడ్డీ జేబులో వేసుకుని, బిళ్లను తోయడానికి ఒక ఇనుప చువ్వ పట్టుకుని సైకిలెక్కాను.

మిల్లు గేటు ఎదుట టీకొట్లో ఆరోగ్యసామి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఉతికిన తెల్లచొక్కా, జేబులో నా పెన్ను. అప్పటికి ఏడున్నర. ఆయాసపడుతూనే అంతా చెప్పేశాను, లాభంతో సహా. కోప్పడతాడనుకున్నాను. పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు. నిబ్బు వైపు విప్పి సిరా టీగ్లాసులోకి వంచి, లోపల గుడ్డతో తుడిచాను. పొయ్యి దగ్గర లక్క కరిగించి బిళ్లకు పూసి, చువ్వతో అడుగుదాకా దించి నొక్కిపట్టాను. లక్క బిగియడానికి పది నిమిషాలు. పెన్నును బెంచీ మీద నిలబెట్టి నేను గేటు దాకా వెళ్లొచ్చాను. మళ్లీ వెళ్లబోయాను.

"కూర్చోండి మేస్త్రీ," అన్నాడు. కూర్చున్నాను, ముళ్ల మీద కూర్చున్నట్టు.

అతను నావైపు చూడలేదు. పెన్నువైపే చూస్తూ అన్నాడు. "పేనాకని ఇంత ఉరుకులాడి వస్తిరి. గార్డుకని ఒగ దినమూ రాలేదే."

నేను చువ్వకు అంటిన లక్కను గోటితో గీకసాగాను.

"గోడకి గార్డు ఆనించుండాది. మీరు సైకిలెక్కి పొయ్యేది చూస్తానే ఉంటిని."

అలాంటప్పుడు విచారణలో ఎందుకు చెప్పలేదని ఎలాగో అడిగాను.

"మీరే వచ్చి చెప్తారని."

ఏడాది. ఆ ఏడాదంతా అతను చీపురు పట్టుకుని నాకోసం కాచుకున్నాడు, నేను పక్క వీధుల్లో తిరిగాను. సిగ్గుతో చచ్చిపోయాను, ఇంతకంటే వేరే మాట లేదు. చెప్పాను. బోల్టుకు అరగంట పడుతుందని వదిలిపెడితిని, నా పార్సిల్ కోసం పోతిని అని, మొదటిసారి నా నోటితో నేనే చెప్పాను. అతను పరవాలేదు అనలేదు. గ్లాసులోని సిరా మళ్లీ పోసి, క్యాపు బిగించి, పెన్ను అడుగును బెంచీకేసి గట్టిగా నొక్కి తిప్పి చూశాడు. బిళ్ల నిలిచింది. ఇంతలో మిల్లు సంగు, అదే షిఫ్టు సైరను, కూసింది. అతను గేటువైపు, నేను ఆఫీసువైపు నడిచాం.

ఆ పేజీ మీద మరక పడలేదు. ఆఫీసులో మేనేజరుకు గార్డు సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను. నన్ను నెలరోజులు పనిలోంచి ఆపి, విచారణ కాగితంలో అజాగ్రత్త ఎవరిదో తిరగరాశారు. నెలయ్యాక మళ్లీ గేటు దగ్గర వరుసలో నిలబడ్డాను. బల్ల వెనక ఆరోగ్యసామి ఉన్నాడు.

ఇప్పుడు రోజూ అంతే. నా వంతు వస్తుంది. తలెత్తి నన్ను ఒకసారి చూస్తాడు. బొటనవేలికీ ఉంగరపువేలికీ మధ్య ఆ నల్లటి పెన్ను ఇరికించుకుని, నా పేరు మెల్లగా, ఒక్కో అక్షరమే రాస్తాడు. వెనకవాళ్లు తోస్తారు, గొణుగుతారు. ఆ పేరు పూర్తయ్యేదాకా నా కాలు కదలదు.