తీగ కింద ఫ్రెంచి కంపెనీ

ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీకి పోయే రోడ్డు మలుపులో ఉంది జీవరత్నం మాస్టారి ఇల్లు. చెరకు ఆడే నెలల్లో ఆ వీధికి ఇంటర్నెట్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నిండుగా లోడు ఎత్తుకున్న ట్రాక్టర్లు రోడ్డుకు అడ్డంగా వేలాడే తీగను తెంపుకుని పోయేవి. కేబుల్ సంజీవరావు నిచ్చెన భుజాన వేసుకుని వచ్చి, అతికించి, "ఇక ఢోకా లేదు మాస్టారూ" అని వెళ్లేవాడు. మర్నాడు మళ్లీ నిచ్చెనతో వచ్చేవాడు.

ఇన్నాళ్లూ దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఈ ఏడు మాత్రం మాస్టారి కోడలు శాలిని ఉద్యోగం ఆ తీగ మీద ఆధారపడింది.

శాలిని బెజవాడలో ఇంటర్ చదివేటప్పుడు, మార్కులు బాగా వేస్తారని సంస్కృతం బదులు ఫ్రెంచి తీసుకుంది. పరీక్ష అయ్యాక అందరూ దాన్ని వదిలేశారు. ఆమె వదల్లేదు. ఇప్పుడు ఫ్రాన్సులో సెల్‌ఫోన్లూ ఇంటర్నెట్టూ ఇచ్చే ఒక కంపెనీకి ఇంట్లోనే కూర్చుని పనిచేస్తోంది. కొత్తగా చేరేవాళ్లకు పాఠాలు చెప్పే పని ఇస్తామని ఆ కంపెనీవాళ్లు అన్నారు. మొదటి పాఠం బుధవారం, కంపెనీ చరిత్ర మీద. అక్కడి పెద్దలు కూర్చుని వింటారు. పాఠం నచ్చి, గంటసేపూ లైను నిలబడితే ఉయ్యూరు నుంచే చెప్పుకోవచ్చు. లైను తెగితే హైదరాబాదు ఆఫీసుకు మారాలి. సెల్ నెట్ మీద చెబితే ఒప్పుకోరు, తీగ ఉండాల్సిందే. ఆమె భర్త యేసుకుమార్ చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టు. ఆమె హైదరాబాదు వెళితే ఇద్దరూ చెరో ఊళ్లో ఉండాలి.

"తెంపేది మీ ఫ్యాక్టరీ, పోయేది నా ఉద్యోగం," అంది శాలిని.

"మా ఫ్యాక్టరీ ఏం చేసిందే? తీగ కట్టింది సంజీవరావు."

"అయితే బుధవారం ఒక్క గంట మిల్లు ఆపించు."

"ఆపిస్తాను. ఆ తర్వాత నేనూ హైదరాబాదే. ఇద్దరం ఒకే ఊళ్లో ఉండొచ్చు."

నవ్వుకున్నారు గానీ, ఇద్దరికీ దిగులుగానే ఉంది.

మంగళవారం సాయంత్రం శాలిని కాగితాలు పట్టుకుని మాస్టారి దగ్గరికి వచ్చింది. "మావయ్యగారూ, ఒకసారి వింటారా? తెలుగులోనే చెప్తాను."

మాస్టారు ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యారు. కొత్త పాఠం ఏదైనా ముందు రోజు వంటింట్లో భార్య శౌరమ్మకు చెప్పి చూసుకునేవారు. ఆవిడ కూరగాయలు తరుగుతూ వినేది. అర్థం కానిచోట కత్తిపీట ఆపి "ఆగండి" అనేది. ఆ ముక్కను ఆయన తిరగరాసుకునేవారు. పోయిన ఆగస్టులో శౌరమ్మ చనిపోయింది. ఆ వంటింటి పాఠాల సంగతి ఆయన కోడలికి చెప్పలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "చెప్పమ్మా," అన్నారు.

శాలిని చెప్పింది. ఏ ఏడు మొదలైంది, ఏ ఏడు సెల్‌ఫోన్లు ఇచ్చింది, ఎన్ని ఊళ్లకు పాకింది, ఎవరు కొన్నారు.

"సంవత్సరాలు చాలా వచ్చాయమ్మా. ఎవరు మొదలుపెట్టారో రాలేదు."

"ఇద్దరు అన్నదమ్ములండీ. మన బందరులా సముద్రం ఒడ్డు ఊరు. చేపల పడవలకి వైర్‌లెస్ సెట్లు బాగుచేసేవాళ్లంట."

"అక్కణ్ణుంచి మొదలుపెట్టు."

ఆ పూట పొద్దుపోయేదాకా ఇద్దరూ ఆ కథను తిప్పి తిప్పి చెప్పుకున్నారు. భోజనాల వేళకు మాస్టారికి ఆ అన్నదమ్ములు మన వీధివాళ్లే అనిపించారు.

బుధవారం మధ్యాహ్నం మలుపు దగ్గర కాపలా ఉంటానన్న సంజీవరావు రాలేదు. పక్క వీధిలో ఇంకో తీగ తెగిందట. శాలిని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. మాస్టారు పెరట్లోంచి వెదురు గడ తెచ్చి, చివర పంగల కర్ర బిగించి, రోడ్డు మీదికి వెళ్లారు. ట్రాక్టర్ వచ్చినప్పుడల్లా తీగను పైకెత్తేవారు. అది దాటాక దించేవారు. మొదట వచ్చినవాటికి ఇబ్బంది లేకపోయింది.

తర్వాత వచ్చింది పవన్‌కుమార్ ట్రాక్టర్. మాస్టారి దగ్గర టెన్త్ చదివినవాడే. లోడు మేడంత ఎత్తుంది. తీగ దాని నుదుటి మీద ఆనింది. మాస్టారు చేయి అడ్డం పెట్టారు.

"ఇంకొంచెం ఎత్తండి మాస్టారూ!"

"ఇంకెత్తితే మా గోడ దగ్గర ఊడొస్తుంది. వెనక్కి తియ్."

"ఎక్కడికి తియ్యను? వెనక ఇంకో బండి అంటుకుని ఉంది."

"అయితే ఆపు. లోపల మా కోడలు గంటసేపు పాఠం చెబుతోంది. అయ్యేదాకా కదలకు."

"గంటా! కాటా దగ్గర నా వరస పోద్దండీ." ఇంజన్ మాత్రం ఆపాడు. లోడు మీదికెక్కి, తీగను రెండు చేతులతో పట్టుకుని చెరకు మీద ఆనకుండా నిలబడ్డాడు. "క్లాసులో బెంచీ ఎక్కించేవారు. ఇప్పుడు చెరకెక్కించారు. ఇంతకీ ఏం పాఠం?"

"ఫ్రాన్సులో ఒక ఫోన్ల కంపెనీ చరిత్ర."

"చెప్పండి మరి. ఊరికే నిలబడితే కాళ్లు పీకుతున్నాయి."

వెనక డ్రైవర్లు కూడా దిగి వచ్చారు. గడ భుజానికి ఆనించి మాస్టారు మొదలుపెట్టారు. సముద్రం ఒడ్డు ఊరు. వైర్‌లెస్ సెట్లు బాగుచేసే అన్నదమ్ములు. పడవలు ఎప్పుడొస్తాయో కనుక్కోడానికి ఆడవాళ్లు వాళ్ల కొట్టు ముందు గుమిగూడేవారు. తమ్ముడు కొట్టు పైన ఒక మైకు పెట్టి, ఏ పడవ ఎక్కడుందో ఊరంతటికీ వినిపించేవాడు...

"ఆగండాగండి," అన్నాడు వెనక డ్రైవరు. "నడిసముద్రంలో పడవకి కరెంటెక్కడిదండీ?"

మాస్టారు ఆగారు. తల తిప్పి వంటింటి కిటికీ వైపు చూశారు. ఎండదెబ్బ తగిలిందనుకుని ఎవరో మంచినీళ్ల సీసా ఇచ్చారు.

"బ్యాటరీ," అన్నారు తాగాక. "ముందే చెప్పాల్సింది."

తర్వాత కథ సాఫీగా నడిచింది. సెల్‌ఫోన్లు వచ్చాయి. ఆ ఒడ్డున జనం తక్కువ, గిట్టదని పెద్ద కంపెనీలు టవర్ వేయలేదు. అన్నదమ్ములు వేశారు. ఇంటర్నెట్ వచ్చింది. ఇంటింటికీ తీగ లాగారు. పెద్ద కంపెనీలు రేట్లు తగ్గించేసరికి తట్టుకోలేక అమ్మేశారు.

"అమ్మేశారా!" పవన్‌కుమార్ పైనుంచి గట్టిగా అన్నాడు. "ఎవరు, అన్నా తమ్ముడా?"

"తమ్ముడు. అన్నను ఒప్పించాడు."

"తమ్ముళ్లింతే మాస్టారూ."

"పనివాళ్లలో ఒక్కణ్ణీ తీయకూడదని రాయించుకున్నాకే సంతకం పెట్టాడట."

"అయితే మావాడికన్నా నయం."

అప్పుడే బాగా వెనకాల ఉన్న ట్రాక్టర్ హారన్ మోత మొదలైంది. ఆగకుండా మోగుతూనే ఉంది. ఎవరో పరుగెత్తి వెళ్లి ఆపించేసరికి శాలిని గది కిటికీ తెరుచుకుంది. ఆమె లాప్‌టాప్‌ను వీధి వైపు తిప్పి పట్టుకుని ఉంది. తెర మీద నలుగురైదుగురు తెల్లవాళ్లు ఇటే చూస్తున్నారు. మాస్టారు గడ వదల్లేదు. చేతులు ఖాళీ లేక నమస్కారం కూడా పెట్టలేకపోయారు. పవన్‌కుమార్ మాత్రం ఒక చేత్తో తీగ పట్టుకుని రెండో చేయి ఊపాడు. తెర మీద ఒకావిడ చేయి ఊపింది. కిటికీ మూసుకుంది.

పాఠం అయ్యాక శాలిని గేటు దగ్గరికి వచ్చింది.

"ఏమైందమ్మా? లైను పోయిందా?"

"పోలేదండీ. ఆ గోలేమిటని అడిగారు. దాచడమెందుకని ఉన్నది చెప్పాను. తీగ కిందుగా ఉంది, మా మావయ్యగారు పట్టుకుని నిలబడ్డారు అని. నమ్మలేదు, చూపించాను."

"అయ్యో. ఏమన్నారు?"

"ప్రతి పాఠానికీ ఆయనే నిలబడతారా అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, కుదరదని కూడా అన్నారు. తీగ ఎత్తుగా కట్టించి ఫోటో పంపితే ఇక్కణ్ణుంచే చేసుకోమన్నారు. పాఠం మాత్రం బాగుందన్నారు."

అప్పటికి సంజీవరావు నిచ్చెనతో వచ్చాడు. పవన్‌కుమార్ లోడు దిగలేదు. "ఇటు రా, ఇక్కడికెక్కు," అన్నాడు. "ఈ తీగ ఎప్పుడు కట్టావు?"

"దసరా ముందు."

"అప్పుడు ఏ బండిని చూసి కట్టావు?"

సంజీవరావు తలెత్తి లోడును చూశాడు. దసరా ముందు ఆ రోడ్డు మీద తిరిగేవన్నీ ఖాళీ ట్రక్కులే. ఏటా అప్పుడే కట్టేవాడు, ఏటా మాఘంలో అతికించేవాడు. నిచ్చెన వేసి లోడు పైకెక్కి, నిటారుగా నిలబడి, చేయి పైకి చాపాడు. కింద మాస్టారు వెదురు గడ నిలబెట్టి, అతని చేయి అందిన చోటు గుర్తుపెట్టుకుని, గడ దించి, అక్కడ తువ్వాలు చింపి పేలిక కట్టారు. ఆ కొలతే ఖాయం చేశారు. తీగను తాత్కాలికంగా విప్పి బండ్లను పంపించారు.

ఆదివారం ఆరాధన అయ్యాక రోడ్డుకు అటొకటి, ఇటొకటి సరుగుడు స్తంభాలు పాతారు. యేసుకుమార్ గోతులు తవ్వాడు. పవన్‌కుమార్ నిండు లోడుతో కింద నుంచి పోయి చూపించాడు. తీగకూ చెరకుకూ మధ్య ఒక మనిషి నిలబడేంత ఖాళీ ఉంది. ఫోటో వెళ్లింది.

సోమవారం మధ్యాహ్నం సరేనని జవాబు వచ్చింది. శాలిని అది మాస్టారికి చదివి వినిపించింది, తర్వాత మొగుడికి ఫోన్ చేసి, వచ్చేటప్పుడు కిలో మాంసం తెమ్మంది. మాస్టారు లేచి, ఉల్లిపాయలు తరగడానికి వంటింట్లోకి వెళ్లారు.