కండక్టరు గారి కళ్లజోడు

నేను ఒక కళ్లజోడును. రాజమండ్రిలోని ఒక చిన్న కళ్లద్దాల షాపులో నా అంచులు అరగదీసి, నల్ల ఫ్రేములో బిగించి, వీరభద్రం గారి ముక్కు మీద పెట్టారు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. బస్సు ఆలస్యమైతే ఇప్పటికీ ఆయనకు అన్నం సహించదు.

ఉత్తరాది యాత్రలో బృందావనం చేరేవరకూ నేను ఆయన ఒక్కరి సొత్తునే. అక్కడ ఒక కోతి ఆయన భార్య మంగతాయారు గారి కళ్లజోడు లాక్కుపోయింది. నా పవరు ఆవిడకూ ఇంచుమించు సరిపోయింది. ఇక దేవుడి ముందు కూడా వంతులే.

మర్నాడు మ్యూజియం. బస్సులో మిగతావాళ్లకు అది చల్లగా కాసేపు తిరిగే చోటు. మంగతాయారు గారు మాత్రం యాత్రకు ఒప్పుకున్నదే దానికోసం. ఆవిడ డ్రాయింగు టీచరుగా చేశారు. పాఠ్యపుస్తకంలో తపాలా బిళ్లంత, నలుపూ తెలుపులో అచ్చైన గొడుగు స్త్రీ బొమ్మను ఏళ్ల తరబడి పిల్లల చేత గీయించారు. కాళ్ల దగ్గరి మచ్చ నీడ అనీ, గొడుగు గాలికి వంగిందనీ చెప్పేవారు. అసలు బొమ్మ ఇక్కడ పై అంతస్తులో ఉంది.

మనుషులకు కత్తులంటే ఎందుకంత ఇష్టమో నాకు అర్థం కాదు. కింద ఆయుధాల గదిలో వీరభద్రం గారు "ఓసారి ఇలా ఇవ్వు తాయారూ, చదివి ఇచ్చేస్తా" అని నన్ను తీసుకున్నారు. ఇంతలో జనం ఇద్దరినీ విడదీశారు. ఆవిడ పైకి వెళ్లారు. హారను వినగానే ఆయన కాళ్లు వాటంతటవే బస్సువైపు నడిచాయి.

సీట్లో కూర్చుని జేబు తడుముకున్నారు. వేళ్లకు నేను తగిలాను. లేచి యాత్ర మేనేజరు దగ్గరికి వెళ్లారు.

"మేనేజరు గారూ, మా ఆవిడ లోపలే ఉండిపోయింది. కళ్లజోడు నా దగ్గరుంది."

"బాబాయిగారూ, ఇప్పుడు బయల్దేరకపోతే రైలు అందదు. బస్సు మొత్తం ప్లాట్‌ఫారం మీద పడుకోవాలి."

ఆయన అప్పటికే దిగిపోయారు. గేటు దగ్గర కాపలాదారు చెయ్యి అడ్డం పెట్టాడు. "టికెట్?" కౌంటరు మూసేశారు. ఈయనకు హిందీ రాదు. నన్ను తన కళ్లకు ఆనించి, మేడమీదికి చూపించి, "మేడం. ఊపర్. ఏమీ కనపడదు బాబూ" అన్నారు.

కాపలాదారు నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో, నన్ను పట్టుకుని మెట్లెక్కాడు.

పైన ఒకామె ఒక్కో గదిలో దీపాలు ఆర్పుకుంటూ వస్తోంది. మంగతాయారు గారు తనకు మసక రంగుగా మాత్రమే కనిపించే బొమ్మ ముందు కదలకుండా నిలబడి ఉన్నారు. నన్ను పెట్టుకునేసరికి పక్క గది చీకటైంది.

"నీడ కాదే ఇది," అన్నారు మెల్లగా.

స్త్రీ కాళ్ల దగ్గరున్న నల్లటి మచ్చ తడిసిన కుక్కపిల్ల. గొడుగు దానివైపు వంగి ఉంది. ఆమె భుజం మీద వాన పడుతోంది. అంతవరకే చూశాం. దీపం ఆరిపోయింది.

మేం బయటికి వచ్చేసరికి బస్సు ఇంజను ఉరుముతోంది. లోపల అందరూ తిట్టిపోస్తున్నారు. జన్మంతా రైట్ రైట్ అన్న మనిషి ఫుట్‌బోర్డు మీద చెయ్యెత్తి నిలబడి, "హోల్డాన్. మా ఆవిడ రావాలి" అంటున్నారు.

తీరా స్టేషనుకు వెళితే రైలే ఇంకా రాలేదు. బెంచీ మీద ఆవిడ నన్ను తీసి ఆయనకు ఇవ్వబోయారు.

"ఉంచుకో. నువ్వు చెప్పు, వింటాను."

ఆవిడ నన్ను మళ్లీ పెట్టుకున్నారు. "గొడుగు గాలికి వంగలేదండీ," అని మొదలుపెట్టారు.