ఆకాశం నుంచి పడిన వేట

పెట్టె నడుస్తోంది.

జీపు ముందు సీట్లో కూర్చున్న సంతోషకుమారి ఫోను తెర మీద పెట్టె జాడ చూపే ఎర్ర చుక్కను మళ్ళీ చూసింది. పొద్దుట్నుంచీ అడవిలో ఒకేచోట ఉన్న చుక్క ఇప్పుడు మరైగూడ అనే ఊరి వైపు పోతోంది. పెట్టెకు కాళ్ళు లేవు.

ఎలుగుబంటి పట్టుకుపోతోందేమో అన్నాడు దంతెవాడ డ్రైవర్ కమలేష్. ఎలుగుబంటి ఇంత తిన్నగా కాలిబాట పట్టి పోదు, మనుషులే అంది ఆమె.

ఆ పెట్టెలో ఉన్నది అంతరిక్ష సంస్థ ఏడాది పని. పై ఆకాశంలో తేలే దుమ్మును పట్టి తెచ్చే పరికరం. ఇలాంటి పెట్టెలు కట్టి ఆ ఏడాది ఎగరేసిన బెలూన్లలో కొన్ని పగిలాయి, కొన్ని సముద్రం పాలయ్యాయి. క్షేమంగా నేలకు దిగింది ఇదొక్కటే. ఎవరైనా మూత తెరిచారో, ఊరి దుమ్మంతా లోపలికి పోయి శ్రమంతా వృథా. సంతోషకుమారి కిరందుల్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగింది. చలికాలమంతా ఈ చుట్టుపక్కల బళ్ళలో రాకెట్ బొమ్మలు ఎగరేసి చూపించింది. అందుకే వెతకడానికి ఆమెను పంపారు.

ఊరి ముందు ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకుని పాడుతున్నారు. విత్తనాల పండుగ. మగవాళ్ళు వేటకు పోతారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి వెక్కిరిస్తారు. పండుగ చందా అందాక గంగే అనే ఆమె తాడు దించి, ఈసారి వేట దొరికిందనీ, పంపకం మొదలవుతోందనీ మురిసిపోతూ చెప్పింది.

ఊరి నడుమ డోలు మోగుతోంది. ఇద్దరి భుజాల మీది కర్రకు వేలాడుతూ ఉంది వేట. తెల్లటి పెట్టె, దాని వెనకే నేలను ఊడుస్తూ నారింజరంగు పారాచూట్ గుడ్డ. పెట్టె అంచు థర్మకోల్‌లో బాణం దిగి ఉంది. బాణం వేసిన దేవా పక్కనే ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

ఊరి పెద్దమనిషి, కోస అనే ముసలాయన, కత్తి తీశాడు.

"తాతా, ఆగు."

అది సర్కారుదని ఆమె చెప్పింది. పోయినేడు దొరికిన కుందేలూ సర్కారు జంగిల్‌దేనన్నాడు కోస. అడవిలో దొరికింది ఇంటింటికీ వాటా పడాల్సిందే. కత్తి మొన మూత సందులోకి వెళ్ళింది.

ఆమె వాదన మానేసింది. వాటాల లెక్క ఎట్లా అని అడిగింది.

"ముందు దెబ్బ ఎవనిదో తల వానిది బిడ్డా. పడేసినోనిది కాదు. మిగిలింది అందరిది."

"అయితే తల మాదే తాతా. ముందు దెబ్బ మేమేసాం."

దేవా పకపకా నవ్వాడు. "ఏంది మేడం, బాణం నాది. తునికిచెట్టు మీద కొట్టుకుంటాంటే నేనేసిన. అప్పుడే నిమ్మళమైంది."

ఆమె పారాచూట్ పైతాడు కొస వెతికి పట్టుకుంది. నల్లగా కాలి ఉంది. పైన అది బెలూన్‌కు కట్టి ఉండేదనీ, హైదరాబాద్ నుంచి సంకేతం పంపి తీగను వేడెక్కించి తాడు తెంపితేనే కింద పడిందనీ వివరించింది.

"బాణం తాడును కాలుస్తాదేటి?"

కోస కాలిన కొసను వాసన చూశాడు. దెబ్బ పైనే తగిలిందని ఒప్పుకుని, తల మేడందే అని తీర్పు చెప్పాడు.

దేవా ఓడిపోయే రకం కాదు. పైన ఉండేదే తల అంటూ నారింజ గుడ్డను తెచ్చి ఆమె చేతుల్లో కుక్కాడు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. కత్తి మళ్ళీ పెట్టె మీదికి వచ్చింది.

సంతోషకుమారి మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె అడుగున మెరుస్తున్న కెమెరా అద్దాన్ని చూపించింది. "కళ్ళు తలలో ఉంటాయా తాతా, గొడుగులో ఉంటాయా?"

కోస వంగాడు. అద్దంలో తన ముఖమే కనిపించింది. చాలాసేపు చూసుకుని, మీసం సవరించుకుని, కత్తి నడుమున దోపుకున్నాడు.

గుడ్డ ఇంటింటికీ ముక్క చొప్పున కోశారు. దేవాకు తాళ్ళు దక్కాయి. గంగే తన వాటా అప్పటికప్పుడే తలకు చుట్టుకుంది. పెట్టెను జీపులో కట్టాక హైదరాబాద్ నుంచి సంతోషకుమారి పైఅధికారి ఫోన్ చేశాడు. పరికరం క్షేమమని విని పొంగిపోయి, పారాచూట్ ఏదని అడిగాడు.

"పంచేసామండి," అంది ఆమె.

గంగే జీపు కిటికీలోంచి తల లోపలికి పెట్టింది. "మీ సార్‌కు చెప్పు మేడం. వచ్చే ఏడు కొంచెం పెద్దది వదలమను. మా ఊర్ల ఇండ్లు పెరిగినయ్."