వేడి తాగే లువాన్

చైనాలో చలి ఊరు హార్బిన్‌లో అక్టోబరు రాగానే, ఇళ్ళు వెచ్చబడే పైపుల్లోకి ఫలానా రోజు వేడినీళ్ళు వదులుతామని మెట్ల దగ్గర కాగితం అంటిస్తారు. ఆ రోజు ఇంటికొకరు ఉండి తీరాలి. గదిని వెచ్చబరిచే రేడియేటర్ కింద బేసిన్ పెట్టి, చిన్న మర తిప్పి, గాలంతా బుసబుసా పోయి నల్లనీళ్ళు వచ్చేదాకా కూర్చోవాలి. మా పాత భవనంలో వేడినీళ్ళు ఒకటే పైపులో ఆరో అంతస్తు నుంచి ఇల్లిల్లూ దాటుకుంటూ కిందికి దిగుతాయి.

నాలుగో అంతస్తులో లువాన్ ఉంటుంది. మొగుడు పోయి రెండేళ్ళయింది. ఏడవలేదు, ఎవరి మీదా విసుక్కోలేదు. పలకరిస్తే "ఆఁ" అంటుంది, అంతే. అప్పటినుంచి ఆమె ఇంట్లోకి సలసలా వెళ్ళిన నీళ్ళు చన్నీళ్ళై బయటికొస్తున్నాయి. వేడంతా ఆమె ఒళ్ళు తాగేస్తోందని అందరికీ తెలుసు. ఎంత తాగినా ఆమె ఒంటికి వేడీ చలీ ఏదీ తెలిసేది కాదు.

మూడో అంతస్తు తోంగ్ పెద్దమ్మకు మాత్రం చలికి మోకాళ్ళు పట్టేశాయి. కాళ్ళరిగేలా తిరిగి, లువాన్ ఇంటిని తప్పించి కిందివాళ్ళకు వేరే పైపు లైను వేయించడానికి భవనంలో అందరినీ ఒప్పించింది. కాగితం మీద మొదటి సంతకం ఆవిడదే. లువాన్ కూడా చదవకుండానే సంతకం పెట్టింది.

డిసెంబరులో ఓ పొద్దున ఆ లైను వెయ్యడానికి గ్వాన్ మేస్త్రీ సామాను మోసుకుని వచ్చేసరికి పెద్దమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది.

"నీ చెయ్యి పడకుండానే బాగైపోయిందయ్యా! తెల్లారినప్పటి నుంచి కాలిపోతోంది, చూడు."

గ్వాన్ రేడియేటర్ ముట్టుకున్నాడు. అతని మొహం పాలిపోయింది.

"పెద్దమ్మా, మరి పైనావిడ తాగట్లేదా?"

పెద్దమ్మ మోకాళ్ళ సంగతి మరిచిపోయి మెట్లెక్కింది. ఎంత బాదినా తలుపు తియ్యలేదు. గ్వాన్ రెంచితో గడియ విరగ్గొట్టాడు. వంటింట్లో లువాన్ నేలమీద పడి ఉంది. చుట్టూ ఊరవేసిన పుల్లటి క్యాబేజీ, పగిలిన గిన్నె పెంకులు. పెదవులు నీలంగా ఉన్నాయి. పక్కనే రేడియేటర్ భగభగలాడుతోంది.

గ్వాన్ అంబులెన్సుకు ఫోను చేశాడు. పెద్దమ్మ చతికిలబడి లువాన్ తల ఒళ్ళోకి తీసుకుంది.

"ఏమే, రెండేళ్ళు నా వేడంతా తాగావు, ఒక్క మాటన్నానా?"

అనకేం! రోజూ మెట్లమీద నిలబడి అందరికీ వినబడేలా అన్నది.

"ఇప్పుడెందుకే మానేశావు? తాగు. నా వాటా కూడా నువ్వే తాగు."

చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత గ్వాన్ రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూసి, "చల్లబడుతోంది పెద్దమ్మా!" అన్నాడు.

లువాన్ పెదవులు కదిలాయి. "చలేస్తోంది, పెద్దమ్మా."

పెద్దమ్మ భోరుమని ఏడ్చింది. అంబులెన్సు వాళ్ళు లువాన్‌ను మోసుకెళ్ళాక, గ్వాన్ తలుపు దగ్గర నిలబడి తన సామాను వంక చూసుకున్నాడు.

"మరి లైను?"

"ఏం లైనయ్యా!" అంది పెద్దమ్మ ముక్కు చీదుకుంటూ. "కింద నాకు చలేస్తేనే కదా, పైన ఇది బతికుందని తెలిసేది."