బల్ల లేని ఇస్త్రీ

తెల్లవారేసరికి పాపయ్య నలభై మూడో చొక్కా కాలరు మీద ఉన్నాడు. ముందు కాలరు, ఆ తర్వాత భుజాలు, చేతులు, చివరికి వీపు. వరస తప్పితే చొక్కా మాట వినదు. నేపర్‌విల్ స్టేషనుకి రెండు వీధుల ఇవతలున్న ఆ డ్రై క్లీనింగ్ షాపులో ఐదింటికే దీపాలు వెలుగుతాయి. ఏడింటి రైలుకి షికాగో పోయే దొరలకి తెల్లచొక్కాలు కావాలి మరి. రైల్లో కూర్చోగానే అవి ఎలాగూ నలుగుతాయి. నలక్కపోతే పాపయ్యకి పనేదీ?

యాభై నాలుగేళ్ళ మనిషి. పొట్టి. బరువైన ఇస్త్రీ పెట్టె తోసీ తోసీ కుడి భుజం ఎడమదానికంటే అంగుళం కిందికి జారింది. తడి వేలితో ఇనుము తాకి, అది చేసే చప్పుడు బట్టి ఆ వేడి పట్టుకి పనికొస్తుందో నూలుకి పనికొస్తుందో చెప్పేస్తాడు. పెద్దాపురంలో ఆరో తరగతి మధ్యలో బడి మాన్పించి తల్లి అతన్ని బొగ్గుల పెట్టె దగ్గర నిలబెట్టింది. అక్క పెట్టిన వీసా కాగితాలు పన్నెండేళ్ళకి తేలితే, 2004లో పెళ్ళీ పిల్లలూ లేని ఒంటి మనిషిగా ఇక్కడ దిగాడు. బావ శేషగిరి ఒక గ్యాస్ స్టేషన్‌లో పెట్టించాడు. ఇంగ్లీషు రాదని మూడు నెలలకే వాళ్ళు పంపేశారు.

ఆ రోజుల్లో ఈ షాపు అద్దానికి అంటించిన కాగితం చూసి లోపలికొచ్చాడు. యజమాని లియాంగ్ అనే చైనా ముసలాయన. ఏం చదువుకున్నావని అడగలేదు, ఎవరి తాలూకని అడగలేదు. ఒక చొక్కా ఇచ్చాడు. పాపయ్య కాలరు ముగించేదాకా నిలబడి చూసి, "రేపు. ఐదింటికి" అన్నాడు. ఈ దేశంలో అతని సర్టిఫికెట్టు చేతుల్లో చూసిన మొదటి మనిషి. ఆ సంగతి పాపయ్య ఏడేళ్ళలో ఒక్కసారీ పైకి చెప్పలేదు. థాంక్యూ అనే మాట కౌంటరు దగ్గర రోజుకి వందసార్లు వాడి అరిగిపోయింది. అరిగిన మాట ముసలాయన చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు.

బావకి మాత్రం ఈ పని మింగుడుపడలేదు. ఇంట్లో విందులు జరిగినప్పుడు పాపయ్య వంటింట్లో గిన్నెలు తోముతుంటే, తొంగిచూసి అడిగినవాళ్ళకి "మా బావమరిది. గార్మెంట్ బిజినెస్" అని చెప్పేవాడు.

షాపు గోడకి చైనా కిరాణా కొట్టువాళ్ళు ఏటా ఇచ్చే క్యాలెండరు ఉండేది. నెలకొక పాత చిత్రం. పాపయ్య చదువు అక్కడ మళ్ళీ మొదలైంది. ఒక నెలలో ఆకాశమంతా నిండిన కొండ, దాని కాళ్ళ దగ్గర చీమలంత కంచరగాడిదలు, వాటిని తోలే ఇద్దరు. ఇంకో నెలలో నది, వంతెన, వంతెనకి తగలబోతున్న పడవ, పైనుంచి చేతులూపుతున్న జనం. లియాంగ్ కొండని చూపించేవాడు, పాపయ్య గాడిదలు తోలేవాళ్ళని చూసేవాడు. తన బల్లకి ఎదురుగా మాత్రం ఆరేళ్ళుగా ఒకటే పేజీ అంటించుకున్నాడు. అంతఃపురం ఆడవాళ్ళు కొత్త పట్టుబట్టని దంచి, కుట్టి, ఇస్త్రీ చేస్తున్న చిత్రం. తొమ్మిది వందల ఏళ్ళ కిందట సోంగ్ వంశపు రాజుగారే ఇంకా పాత చిత్రం చూసి దాన్ని వేశాడంటారు. అసలుది బోస్టన్ మ్యూజియంలో ఉందట. అందులో ఒకావిడ నిప్పులు పోసిన పళ్ళెంతో బట్టని సాపు చేస్తోంది. ఇంకో పిల్ల వేడికి మొహం తిప్పుకుని కుంపటి విసురుతోంది. రాజు కూర్చుని ఇస్త్రీ పని బొమ్మ వెయ్యడమేమిటని పాపయ్య మొదటిరోజు నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

2011 అక్టోబరులో ఆ శుక్రవారం లియాంగ్‌కి షాపులో ఆఖరి రోజు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. కొడుకు నాలుగింటికి వచ్చి హ్యూస్టన్ తీసుకుపోతాడు. షాపు కొరియా దంపతులు కొన్నారు. పది గంటలకి ముసలాయన మేడమీది ఇంట్లోంచి మెట్లు దిగి, స్వెట్టర్‌లో చుట్టిన ఒక మడత తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇద్దరిదీ విరిగిన ఇంగ్లీషే. ఒకరు విరిచిన చోట ఇంకొకరు అతికేవారు.

"నా భార్య వేసింది. మెయ్‌లాన్. ఆఖరి ఏడాది."

మడత విప్పితే మూరెడు వెడల్పు, మూడు మూరల పొడవు పట్టుబట్ట. గోడ మీది చిత్రమే, చేత్తో వేసింది. దానికి కాగితం అతికించి చుట్ట కట్టేలోగా ఆవిడ పోయింది. లియాంగ్ దాన్ని ఎనిమిది మడతలు పెట్టి ఆవిడ స్వెట్టర్ల కింద పద్నాలుగేళ్ళు దాచాడు. ఇప్పుడు ప్రతి మడత ఒక గాడి. అందులో ఒకటి ఇస్త్రీ చేసే ఆవిడ మొహం మీదుగా పోయింది.

"చైనాటౌన్‌లో సాపు చెయ్యడానికి ఆరు వారాలన్నారు," అన్నాడు లియాంగ్. "నా దగ్గర అన్ని వారాలు లేవు. నువ్వు చెయ్యి, పాపా."

పాపయ్య పేరులో అంతవరకే ఆయన నోరు తిరిగేది.

పాపయ్య చేతులు కడుక్కుని వచ్చి, ముందు మరకలు వెతికాడు. అలవాటు. ఇస్త్రీ చేసే ఆవిడ మణికట్టు మీద గోధుమరంగు చుక్క కనిపించింది. గోడ మీది పేజీలో లేదది. టీ మరకనుకుని మందుతో తడిపిన గుడ్డ అందుకున్నాడు. ముసలాయన చేయి వచ్చి అతని చేతిని పట్టుకుంది. ఆ చేతికి అంత బలముందని పాపయ్యకి తెలియదు.

"మరక కాదు. మెయ్‌లాన్ వాత. తన చేతిది ఇక్కడ వేసింది. ఇరవై రెండేళ్ళు ఈ బల్ల దగ్గరే చేసింది."

పాపయ్య గుడ్డ పక్కన పెట్టాడు. తన కుడి మణికట్టు మీదా అలాంటిదే ఉంది, కాస్త పెద్దది.

ఒక మూల బోర్లా వేసి, మెత్తటి బల్ల మీద పెట్టెని అలా ఆనించి తీశాడు. బట్ట ఎత్తి చూస్తే బల్ల గుడ్డకి ఆవగింజలో సగమంత పచ్చరంగు అంటుకుని ఉంది. చిత్రంలో దారం చుట్టే ఆవిడ కూర్చున్న పచ్చ చాప అంచు అది. పద్నాలుగేళ్ళు అరలో భద్రంగా ఉన్నదాన్ని పది నిమిషాల్లో పాడుచేశాడు. లియాంగ్ చూశాడు, కిటికీ వైపు తిరిగాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

కింద బల్ల ఉంటే రంగు దానికి అంటుకుంటుంది. పెట్టె ఆనించక తప్పదు, ఆనిస్తే రంగు ఊడుతుంది. పాపయ్య గోడ వైపు చూశాడు. ఆరేళ్ళుగా చూస్తున్నాడు, ఒక సంగతి ఇవాళే కనబడింది. ఆ ఆడవాళ్ళకి బల్ల లేదు. ఇద్దరు చెరో చివరా పట్టి లాగుతున్నారు, బట్ట గాలిలో ఉంది, పళ్ళెం దాని మీద జారుతోంది. జరీ బట్టలకి అమ్మా, పెద్దమ్మా అలాగే పట్టుకునేవాళ్ళు కదా, నానమ్మ ఇస్త్రీ చేస్తుంటే పెట్టె బరువు ఆమె చేతిలోనే ఆగేది కదా. ఎలా మర్చిపోయాడు?

"ఇద్దరు కావాలి, బాస్," అన్నాడు.

అప్పుడే తలుపు గంట మోగింది. పట్టుచీర కోసం వచ్చిన రాగిణి. శేషగిరి ఇంటి విందులకి వస్తుంటుంది. ఎప్పుడూ ఆమె భర్తే చీరలు తెచ్చి ఇచ్చేవాడు.

"పికప్ అండీ... అరె, మీరు శేషగిరి గారి బావమరిది కదా? గార్మెంట్ బిజినెస్ అన్నారే ఆయన."

"ఇదేనమ్మా ఆ బిజినెస్. రోజుకి రెండొందల గార్మెంట్లు."

ఆమె నవ్వాలో వద్దో తెలియక రసీదు చాచింది.

"చీర అయిపోయిందమ్మా. ఒక్క పది నిమిషాలు ఈ చివర పట్టుకుంటారా?"

"నేనా? నాకు లెవెన్‌కి కాల్ ఉందండీ. కార్‌లోంచి జాయిన్ అవ్వాలి."

"వదిలేస్తే ముసలాయన పెళ్ళాం పడిపోద్దమ్మా."

రాగిణి బట్ట వైపు చూసింది, లియాంగ్ వైపు చూసింది. హ్యాండ్‌బ్యాగు కుర్చీలో పెట్టి జాకెట్ చేతులు పైకి మడిచింది.

లియాంగ్ అరచేతులు చెమట పడుతున్నాయి. పెళ్ళిగౌన్లు సర్దేటప్పుడు వేసుకునే తెల్ల నూలు గ్లోవ్స్ తొడుక్కున్నాడు. బొమ్మ కిందికి, వెనక వైపు పైకి. ఇద్దరూ చెరో చివరా లాగి నిలబడ్డారు. పాపయ్య ఆవిరి ఆపేసి, అన్నిటికంటే చిన్న పెట్టె తీసుకుని, తడి వేలు తాకించి చప్పుడు విన్నాడు. ఇంకాస్త చల్లారనిచ్చాడు.

"కొంచెం ఎత్తనా?" అంది రాగిణి.

"ఎత్తొద్దమ్మా, లాగండి. డప్పులా ఉండాలి."

బరువంతా తన మోచేతిలోనే పెట్టుకుని పెట్టెని నడిపాడు. మొదటి గాడి పోయింది. రెండోది పోయింది. కుర్చీలో ఫోను మోగింది.

"మీ ఫోనమ్మా."

"మోగనివ్వండి."

మూడో గాడి దగ్గర లియాంగ్‌కి దగ్గు వచ్చి బట్ట సడలింది. పాపయ్య పెట్టె ఎత్తి ఆగాడు. ముసలాయన రెండుసార్లు దగ్గి, కాళ్ళు ఎడంగా పెట్టి, మళ్ళీ లాగాడు. మొహం మీది గాడి ఆఖరికి ఉంచాడు పాపయ్య. మూడుసార్లు వెళ్ళి వచ్చాడు. నాలుగోసారి వెళ్ళలేదు. ఎక్కడ ఆపాలో తెలియడమే అతని చదువు.

తిప్పి చూశారు. రంగు ఎక్కడా కదల్లేదు. ఆవిడ చెంప మీద వెంట్రుక వాసి గీత మిగిలింది. వాత చెక్కుచెదరలేదు.

"ఎవరు వేశారు ఇది?" రాగిణి మెల్లగా అడిగింది.

"ఇక్కడ ఇస్త్రీ చేసిన ఆవిడమ్మా."

రాగిణి వంగి ఆవిడ మణికట్టు మీది చుక్కని చూసింది. చీర తీసుకుని వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "శేషగిరి గారింటికి ఈసారి వస్తే హాల్లోకి రండి, పాపయ్య గారూ. ఇది నేను అందరికీ చెప్తాను" అంది. చెబుతుందో లేదో పాపయ్యకి తెలియదు. అన్నందుకే సంతోషం వేసింది.

కొడుకు నాలుగింటికంటే ముందే వచ్చాడు. సూట్‌కేసులు కారులో పెడుతూ పాపయ్యతో అన్నాడు, "కొత్తవాళ్ళతో డాడ్ కాగితం రాయించుకున్నారు. మిమ్మల్ని తీసెయ్యకూడదని. అది లేకపోతే షాపు అమ్మనన్నారు." పాపయ్య విని, చేతిలో ఉన్న చొక్కాకి లేని ముడతలు సాపు చేశాడు.

చిత్రాన్ని అట్ట గొట్టానికి చుట్టి ముసలాయన చంకలో పెట్టాడు. ఇప్పుడు చెప్పాలి. ఏడేళ్ళ మాట. రెండు చేతులూ జోడించాడు. లియాంగ్ అర్థం కానట్టు చూసి, తర్వాత ఆ జోడించిన చేతుల్ని తన రెండు చేతుల మధ్య పట్టుకుని, మణికట్టు తిప్పి, వాతని బొటనవేలితో ఒక్కసారి తడిమాడు.

"చొక్కాలు ఉన్నాయి," అన్నాడు. "పని చూసుకో."

కారు స్టేషను వీధి మలుపు తిరిగింది. పాపయ్య లోపలికొచ్చి పెట్టె ఆన్ చేశాడు. బల్ల చివర ముసలాయన విప్పి పెట్టిన తెల్ల గ్లోవ్స్ రెండూ పడి ఉన్నాయి, వేళ్ళు ఇంకా వంగి, బట్ట అంచు పట్టుకున్నట్టే.