ఎర్లీన్ దండెం మీద ఆకుపచ్చ

సోమవారం ఎర్లీన్ టాల్బర్ట్ బట్టలుతికే రోజు. పొద్దున్నే కాఫీ తాగి, కొడుకు లవాన్ టైర్ల షాపుకి వేసుకెళ్ళే ప్యాంట్లు ఒక పక్కకీ, దుప్పట్లు ఇంకో పక్కకీ విడదీసి, పెరట్లో తొట్టి ముందు నిలబడేది. ఇంట్లో వాషింగ్ మెషీను లేక కాదు. లవాన్ కొనిచ్చింది వంటింటి మూల ఉంది, దాని మీద పూలకుండీ ఉంది. "ఆ డబ్బాకి మురికి ఎక్కడుందో ఏం తెలుసు" అనేది ఆవిడ.

మామూలు సోమవారాల్లో ఆ పెరటి వైపు ఎవరూ తొంగి చూసేవాళ్ళు కాదు. జులై మొదటి సోమవారం మాత్రం టిబ్బెట్ ఊరు ఊరంతా అక్కడే ఉండేది. అలబామాలో ఫుట్‌బాల్ మొదలయ్యేది వేసవి చివర్లోనే అయినా, జులై వచ్చేసరికే జనానికి అన్నం సహించదు. డిసెంబరులో ప్లేఆఫ్‌కి, అంటే ఛాంపియన్‌ని తేల్చే చివరి పోటీలకి, వెళ్ళే పన్నెండు కాలేజీ జట్లు ఏవో అప్పుడే తేల్చెయ్యాలి. పక్క ఊళ్ళవాళ్ళు పేపర్లు చదివి, గొంతులు పోయేదాకా వాదించుకునేవాళ్ళు. టిబ్బెట్ వాళ్ళకి ఆ బాధ లేదు. ఎర్లీన్ పన్నెండు తెల్ల గుడ్డలు ఉతికి దండెం మీద ఆరేసేది, ఆరిన గుడ్డ ఆరినట్టు ఏదో ఒక జట్టు రంగులోకి తిరిగేది. మొదట్లో నాలుగు గుడ్డలే. ప్లేఆఫ్‌ని పన్నెండు జట్లకి పెంచినవాళ్ళని ఆవిడ ఇప్పటికీ తిడుతూనే ఉంటుంది.

ఒక్కటే షరతు. గుడ్డ పూర్తిగా ఆరాలి. తడి గుడ్డ మీద కనిపించేది చూసేవాడి కోరిక, ఆరిన గుడ్డ మీద కనిపించేది జరగబోయేది. అందుకే టిబ్బెట్ మగవాళ్ళకి తడి గుడ్డలు ప్రతి ఏడూ ఆకుపచ్చగానే కనిపించేవి. ఆకుపచ్చ వాళ్ళ సొంత కాలేజీ జట్టు రంగు. జట్టు పేరు కంచరగాడిదలు. మడత కుర్చీల్లో కూర్చుని, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు నములుతూ, "అదుగో పచ్చ, అదుగో పచ్చ!" అని కేకలు పెట్టేవాళ్ళు. ఆరాక ఆ పచ్చ ఎక్కడికి పోయేదో. గుడ్డ ఆరిందో లేదో తేల్చేది ఎర్లీనే. ఆ ఊరి ఉక్కలో చేత్తో పట్టుకుంటే ఏమీ తెలియదు, అన్నీ చెమ్మగానే ఉంటాయి. ఆవిడ చెంపకి ఆనించుకుంటే తెలిసేది. ఆవిడ ఆరిందంటే ఆరినట్టు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట తప్పలేదు.

ఆ దండెం గుంజ గురించి చెప్పాలి. అది పసుపు రంగు ఇనప గొట్టం, స్టేడియంలో గోల్ గుంజగా ఉండేది. లవాన్‌కి పంతొమ్మిదేళ్ళప్పుడు, అతను జట్టులో ఆడుతుండగా, కంచరగాడిదలు తమ బద్ధశత్రువులైన కొంగల జట్టుని ఓడించారు. గెలిస్తే మైదానంలోకి ఎగబడి గోల్ గుంజని పెరికి ఊరేగించడం అక్కడి ఆచారం. ఆరోజూ ఊరేగించారు. ఆ ఊరేగింపు అడ్డం వచ్చి లవాన్‌ని తీసుకెళ్తున్న అంబులెన్సు కదల్లేకపోయింది. లోపల కుర్రాడు మోకాలు పట్టుకుని అరుస్తున్నాడు, బయట వేలమంది గొట్టాన్ని భుజాల మీద పెట్టుకుని పాడుతున్నారు. ఎర్లీన్ అద్దం మీద కొడుతూనే ఉంది. చివరికి జనం అలిసిపోయి ఆ గొట్టాన్ని ఎక్కడ పారేశారంటే, ఆవిడ గేటు ముందే. ఆవిడ దాన్ని పెరట్లో పాతించింది. ఎవరూ తిరిగి అడగలేదు.

ఆ మోకాలు అంతకు రెండు వారాల ముందే దెబ్బతింది. ఆట రోజు కూడా ఆడించొద్దని డాక్టరు చెప్పాడు. ఎర్లీన్ మైదానం కంచె పక్కనే నిలబడి తన చెవులతో విన్నది. అప్పటి కోచ్ రోయ్స్ హాడక్, ఎప్పుడూ మెడలో తెల్ల తువ్వాలుతో తిరిగే పెద్దమనిషి, డాక్టర్ని పక్కకి నెట్టి కుర్రాడి ముందు వంగాడు.

"నొప్పిగా ఉందా?" అన్నాడు.

కోచ్ అడిగితే ఉందనే కుర్రాడు ఆ రాష్ట్రంలో పుట్టలేదు. "లేదు సార్" అన్నాడు లవాన్.

"నడవగలవా?"

"నడవగలను సార్."

"మరింకేం. నడవగలిగితే ఆడగలవు. పో, ఆడు."

ఆ తరవాత లవాన్ మళ్ళీ పరుగెత్తలేదు. కోచ్ హాడక్ మాత్రం ఆ ఒక్క గెలుపు మీద దొరలా బతికాడు. డాక్టరు మాట తన చెవిన పడలేదన్నాడు. పైగా, కుర్రాడు దమ్ము చాలక నేల మీద పడుకున్నాడని ఒక కథ అల్లి, పిలిచిన ప్రతి విందులోనూ చెప్పాడు. రిటైరయ్యాక రేడియోలో జోస్యాలు మొదలుపెట్టాడు. ప్రతి జులైలో ఎర్లీన్ పెరట్లోకి వచ్చి, గుడ్డల రంగులు చూసి, తన బుర్రలోంచే పుట్టినట్టు రేడియోలో చెప్పేవాడు. ఊళ్ళో అందరూ ఆవిడని "మిస్ ఎర్లీన్" అంటే, ఆయన ఒట్టి "ఎర్లీన్" అనేవాడు.

ఆయన్ని రానివ్వడం దేనికని మంగలి ఓథా ఒకసారి అడిగాడు.

"దూరంగా ఉంటే నా చేతికెలా దొరుకుతాడు?" అంది ఎర్లీన్. అప్పటికి ఏం చెయ్యాలో ఆవిడకే తెలియదు. పగ మాత్రం పచ్చిగా ఉంది. చర్చిలో పాట పాడుతున్నా, బీన్స్ వలుస్తున్నా అది లోపల కూర్చునే ఉండేది, ఆవిడ దాన్ని వెళ్ళమననూ లేదు.

ఈ ఏడాది జులైలో పెద్ద టీవీ వాళ్ళు వచ్చారు. హాడక్ జోస్యాలు దేశమంతా చూపిస్తారట, బాగుంటే ఆయన్ని న్యూయార్క్ తీసుకుపోయి ఏడాది పొడుగునా కూర్చోబెడతారట. పెరట్లో లైట్లు, తీగలు, మైకులు. హాడక్ కొత్త సూటు వేసుకున్నాడు, మెడలో అదే తెల్ల తువ్వాలు. లవాన్ షాపుకి సెలవు పెట్టి, వాకిట్లో టీ గ్లాసులు అందిస్తూ కుంటుకుంటూ తిరుగుతున్నాడు.

టీవీ అమ్మాయికి హాడక్ కథ చెబుతున్నాడు, కాసేపట్లో దేశమంతా వినబోయేది తనే ముందు విని మురిసిపోతున్నట్టు. "ఆ రోజు మాలో ఒకడు నేల మీద పడుకుండిపోయాడమ్మా. దమ్ము ఉండాలి కదా, అందరికీ ఉండదు. వాణ్ణి చూసి మిగతావాళ్ళకి పౌరుషం పుట్టింది. ఈ కథ ఈరోజు లైవ్‌లో తప్పకుండా చెప్పాలి."

లవాన్ చేతిలో గ్లాసు ఉంది. దాన్ని మెల్లిగా బల్ల మీద పెట్టి, ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. కోచ్ గమనించలేదు. ఎర్లీన్ గమనించింది. ఆ క్షణంలో ఏం చెయ్యాలో ఆవిడకి తెలిసిపోయింది.

అప్పటికి పదకొండు గుడ్డలు ఆరాయి. ఎరుపు, నారింజ, బంగారు, నీలం, ఒక్కోటి ఒక్కో రంగు తేలింది, కుర్చీల్లో జనం ఒక్కోదానికి ఉసూరుమన్నారు. పన్నెండోది మిగిలింది. అది మందపాటి నూలు గుడ్డ, నీడ వైపు చివర ఉంది, నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారడం ఇప్పుడే ఆగినట్టుంది. అది ఆరాలంటే మధ్యాహ్నం గూడ్సు బండి కూత వినపడాలి.

"పచ్చ!" అన్నాడు వెనక ఎవరో. "దేవుడా, పచ్చ!"

హాడక్ కళ్ళూ దాని మీదే ఉన్నాయి. కంచరగాడిదలు ప్లేఆఫ్‌కి వెళ్తారని దేశంలో ఒక్కడు కూడా అనడం లేదు. ముందుగా తను చెప్పి, అది నిజమైతే ఇక తిరుగులేదు.

టీవీ అమ్మాయి చెయ్యి ఊపింది. "సార్, ఇంక టైం లేదు. చివరిది చెప్పెయ్యాలి."

"ఎర్లీన్! ఆరిందా అది?"

ఎర్లీన్ దండెం దగ్గరికి వెళ్ళి, గుడ్డ అంచు తీసి చెంపకి ఆనించుకుంది. చల్లగా, నిండా తడిగా ఉంది. ఆ చల్లదనం ఆవిడకి ప్రాణానికి హాయిగా తగిలింది.

"ఆరింది, కోచ్" అంది.

ఓథా కుర్చీలోంచి సగం లేచాడు. "మిస్ ఎర్లీన్, ఇంకా బండి కూత వెయ్యలేదే..."

ఆవిడ అతని వైపు చూసింది. ఓథా మళ్ళీ కూర్చున్నాడు.

హాడక్ ఇంక ఆగలేదు. మెడలోని పాత తువ్వాలు తీసి పారేసి, దండెం మీది గుడ్డని చర్రున లాగి మెడకి చుట్టుకున్నాడు. కెమెరా ముందు ఛాతీ విరుచుకుని, "కంచరగాడిదలు! రాసి పెట్టుకోండి! వీళ్ళు వెళ్ళకపోతే నేను మళ్ళీ ఫుట్‌బాల్ గురించి నోరెత్తను. వెళ్ళేది కొంగలైతే నా ముఖం ఈ ఊళ్ళో చూపించను!" అన్నాడు. ఎవరూ అడగని మాట అది, తనంతట తనే అన్నాడు. ఊరు ఊగిపోయింది. ముసలివాళ్ళు ఏడ్చారు. టీవీలో చూసినవాళ్ళకి మాత్రం ఆ గుడ్డ ఎవరి జట్టు రంగులో వాళ్ళకి కనిపించింది, ఈ ముసలాయనకేమైంది అనుకున్నారట వాళ్ళు.

గూడ్సు బండి కూత వేసే వేళకి లైట్లు సర్దేసి అందరూ వెళ్ళిపోయారు. హాడక్ ఓథా షాపులో కూర్చుని అభినందనలు అందుకుంటున్నాడు. మెడ మీది గుడ్డ అక్కడే ఆరింది. ఊదా రంగు. కొంగల రంగు. ఓథా దాన్ని అందరిముందూ రెండు వేళ్ళతో పట్టుకుని తీశాడు. కింద మెడ కూడా ఊదాగానే ఉంది, దవడ దాకా. ఆరకుండా లాగిన గుడ్డ రంగు లాగినవాడికి అంటుకుంటుంది మరి. సబ్బు, ఉప్పు, కిరసనాయిలు, ఓథా దగ్గరున్న మందులన్నీ అయ్యాయి. చర్మం మండింది కానీ రంగు వదల్లేదు.

ఆ సాయంత్రం అన్నం తింటూ లవాన్ అడిగాడు. "అమ్మా, ఆ గుడ్డ ఆరిందా?"

"ఆరలేదు."

లవాన్ పళ్ళెం ముందుకి జరిపాడు. "ఇంకొంచెం చికెన్ పెట్టు" అన్నాడు. ఎన్నో ఏళ్ళ తరవాత రెండోసారి అడిగి తిన్నాడు. ఎర్లీన్ అతని పళ్ళెంలో ముక్కలు వేసి, పీచ్ పండ్లు పెట్టి కాల్చిన తీపి రొట్టెలో సగం కోసి పక్కన పెట్టింది.

ఎండలు తగ్గాయి, ఆట మొదలైంది. కంచరగాడిదలు మొదటి ఆట ఓడారు, రెండోది ఓడారు, ఆ తరవాత ఊళ్ళో లెక్కపెట్టడం మానేశారు. కొంగలు మాత్రం గెలుస్తూ పోయారు. టీవీ వాళ్ళు ఫోను ఎత్తడం మానేశారు. రేడియో వాళ్ళు వేరే ఎవర్నో పెట్టుకున్నారు. ఓథా షాపులో హాడక్ ఎప్పుడొచ్చినా కుర్చీ ఖాళీ ఉండేది కాదు, ఖాళీగా ఉన్నా ఖాళీ ఉండేది కాదు. టిబ్బెట్‌లో మనిషి తాగొచ్చినా క్షమిస్తారు, భార్యని వదిలేసినా రెండేళ్ళకి మర్చిపోతారు. ఊదా మెడతో తిరిగేవాడి పక్కన చర్చి బెంచీలో కూడా ఎవరూ కూర్చోరు. కొంగల ఊళ్ళో ఉందామని వెళ్తే, ఆ రోజు టీవీలో తమని తీసిపారేసింది ఈయనేనని వాళ్ళు గుర్తుపట్టారు.

డిసెంబరులో కొంగలు ప్లేఆఫ్‌కి వెళ్ళిన మర్నాడు సోమవారం. ఎర్లీన్ బట్టలు ఆరేస్తోంది. హాడక్ గేటు తీసుకుని వచ్చాడు. చెవుల దాకా మఫ్లరు, వీధి అవతల సామాన్లు ఎక్కించిన కారు.

"మిస్ ఎర్లీన్" అన్నాడు. ఆ నోట ఆ మాట ఆవిడ మొదటిసారి విన్నది. "దీన్ని వదలగొట్టు. నీ చేత్తో ఉతికితే పోతుందట. ఏం చెయ్యమంటే అది చేస్తాను. డాక్టరు ఆరోజు నాకు చెప్పాడు, నేను విన్నాను. చాలా?"

వంటింటి గుమ్మంలో లవాన్ నిలబడి ఉన్నాడు. విన్నాడు.

ఎర్లీన్ జాలి వస్తుందేమోనని లోపల వెతుక్కుంది. రాలేదు. చేతులు తుడుచుకుని, ఆయన మఫ్లరు కిందికి లాగి, ఊదా మెడని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నొప్పిగా ఉందా?" అంది.

"నొప్పేం లేదు గానీ..."

"నడవగలవా?"

హాడక్ ముఖం పాలిపోయింది. ఊదా రంగు పైన అది మరీ తెల్లగా కనిపించింది. "నడవగలను" అన్నాడు చివరికి.

"మరింకేం" అంది ఎర్లీన్, తొట్టిలోంచి కొడుకు ప్యాంటు తీసి పిండుతూ. "నడవగలిగితే ఆడగలవు. పో, ఆడు."