అద్దాల కప్పు కింద నల్లోడు

కుక్కల మాస్టారు ఆర్నెల్లుగా కాళ్లరిగేలా తిరిగి చూసిన బిల్డింగులు పదిహేడు. కొన్నింటికి కిటికీలే లేవు. కొన్నింటికి ఉన్నా, తెరిస్తే పక్కింటి గోడే ఎదురయ్యేది. ఇప్పటిదాకా అతనూ, అతని అక్కా కుక్కలకు శిక్షణ ఇస్తున్నది ఒక కార్ల షెడ్డు కింది సెల్లార్‌లో. ఆ చీకట్లోకి దిగగానే పిరికి కుక్కలు గజగజలాడుతూ గోడకు అతుక్కుపోయేవి. వాటిని ఒళ్లో పెట్టుకుని బుజ్జగించడం అక్క పని. చెప్పిన మాట వినడం నేర్పడం మాస్టారి పని. అందులో అతనికి సొంత డబ్బా కాస్త ఎక్కువే. తన కుక్క నల్లోడు తన మాట జవదాటడని దారిన పోయేవాళ్లను ఆపి మరీ చెప్పుకునేవాడు.

పద్దెనిమిదోది చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఒకప్పుడు డాన్సు స్కూలు నడిచిన హాలు. రెండు వైపులా నిలువెత్తు కిటికీలు, పైన అద్దాల కప్పు, ఈ చివర నుంచి ఆ చివరకు హాయిగా గాలి. చప్పట్లు కొట్టి చూశాడు, పెద్దగా మారుమోగలేదు. నేలను కాలితో రాసి చూశాడు, జారలేదు. ఇక కుక్కకు నచ్చిందో లేదో చూడాలి కదా. నల్లోడిని హాలు మధ్యలో పడుకోబెట్టి ‘ఉండు’ అని వేలు చూపించాడు. వాడు బొజ్జ నేలకానించి పడుకున్నాడు. నచ్చినట్టే అనుకున్నాడు మాస్టారు. ఉండమంటే నిప్పుల మీదైనా ఉండే కుక్కను పెట్టి చోటు బాగుందో లేదో తేల్చుకునే మహానుభావుడిని ఏమనాలి చెప్పండి!

హాలు ఒక పెద్దావిడది. దీనికోసం జిమ్ము పెట్టేవాడొకడు కూడా తిరుగుతున్నాడు, ఎవరికివ్వాలో ఆవిడ ఇంకా తేల్చుకోలేదు. అందుకని మాస్టారు ఆవిడను మంచి చేసుకునే పనిలో పడ్డాడు. హాలును ఆనుకున్న మేడ మీది గదులు చూస్తూ, కుళాయిలు తిప్పుతూ, తన గొప్పలు ఒక్కొక్కటే విప్పాడు. ముప్పావుగంట గడిచింది. నల్లోడి సంగతే మర్చిపోయాడు.

కిందికి దిగేసరికి అక్క వచ్చి ఉంది. మోకాళ్ల మీద కూర్చుని నల్లోడిని లాగుతోంది. వాడు కదలడం లేదు. ఎండ జరిగి, అద్దాల్లోంచి సరిగ్గా వాడి మీద పడుతోంది. నాలుక జానెడు బయటికొచ్చింది, డొక్కలు ఎగసిపడుతున్నాయి. రెండడుగుల దూరంలో చల్లటి నీడ. మాస్టారు గబగబా నీడలోకొచ్చి నిలబడ్డాడు. “రా” అన్నాడు. నల్లోడు వెంటనే లేచి, తడబడుతూ వచ్చి అతని కాళ్ల దగ్గర కూర్చున్నాడు. పైగా తోక ఊపాడు. వాడు పడుకున్న చోట మాస్టారు చెయ్యి ఆనించి చూశాడు. చురుక్కుమంది.

అక్క లేచింది. నాలుగు తిట్టినా బాగుండేది. బ్యాగులోంచి గిన్నె తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లిపోయింది.

“ఎంత బుద్ధిమంతుడయ్యా మీవాడు. ఆ జిమ్ము మాట వదిలెయ్, నీకే ఇస్తాను” అంటూ పెద్దావిడ తాళాలు చాపింది.

ఆ మెచ్చుకోలుకు మాస్టారు సిగ్గుతో చచ్చిపోయాడు. నోరు మూసుకుని తాళాలు పుచ్చుకుంటే ఆవిడకు ఏనాటికీ తెలియదు. చెయ్యి సగం దాకా పోయింది కూడా. అప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

“బుద్ధి కాదండీ. నేనే వీణ్ని ఎండలో మర్చిపోయాను. లెమ్మని నేను చెప్పలేదని కాలుతున్నా కదల్లేదు” అన్నాడు.

తాళాలు గాల్లోనే ఆగిపోయాయి. అక్క నీళ్ల గిన్నె తెచ్చి నల్లోడి ముందు పెట్టింది. వాడు నీళ్ల వంక చూశాడు. తలెత్తి మాస్టారి మొహంలోకి చూశాడు. మూతి మాత్రం పెట్టలేదు.

“నీళ్లు తాగడానిక్కూడా నిన్నే అడగాలా బాబూ?” అంది పెద్దావిడ.

తను చెప్పందే ఎవరి చేతి నీళ్లూ ముట్టకూడదని నేర్పింది అతనే. మాస్టారు నేల మీద చతికిలబడి గిన్నెను వాడి మూతి దగ్గరకు జరిపాడు. నల్లోడు ఎదురుచూస్తూనే ఉన్నాడు. “తాగరా” అన్నాడు.

గిన్నె ఖాళీ అయ్యేదాకా పెద్దావిడ నిలబడి చూసింది. తర్వాత తాళాలు తీసుకెళ్లి అక్క చేతిలో పెట్టింది.

“నీకిస్తున్నానమ్మా” అంది.